దక్కనీ గొర్రెల ప్రదర్శన పోటీలకు నియమావళి: లామా ప్రదర్శనల నుండి గ్రహించదగిన అంశాలు

సారాంశం

పశు ప్రదర్శన పోటీలలో బహుమతి పొందిన జంతువు పెంపకందారులకు ఆదర్శంగా నిలుస్తుంది. కాబట్టి పోటీ నియమాలు జాతి భవిష్యత్తును ప్రభావితం చేస్తాయి. బరువును, ఎత్తును మాత్రమే ప్రమాణంగా తీసుకొనే పోటీలలో తెలంగాణ మెట్ట ప్రాంతపు దక్కనీ గొర్రెకు న్యాయం జరగదు. ఉన్ని రకం, వయసు, పనితనం, సంతానం, నడిపేవారి నైపుణ్యం అనే అంశాలను వేరువేరుగా పరీక్షించే లామా ప్రదర్శనల పద్ధతిని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. అందులో మన పరిస్థితులకు అనువైన వాటిని స్వీకరించి, మేడ్చల్ సమీపంలోని అత్వెల్లి వంటి గ్రామాలలో ఒక రోజు గొర్రెల ప్రదర్శన నిర్వహించడానికి తగిన నియమావళిని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: దక్కనీ గొర్రె, ప్రదర్శన పోటీ, మార్కుల పట్టిక, పొట్టేలు ఎంపిక, లామా, విస్తరణ.

పరిచయం

పశు ప్రదర్శనను సాధారణంగా ఒక ఉత్సవంగానే పరిగణిస్తారు. జాతి అభివృద్ధి దృష్టితో చూస్తే అది ఒక ఎంపిక ప్రక్రియ. న్యాయనిర్ణేత ఏ పొట్టేలును మొదటి స్థానంలో నిలబెడతాడో, చుట్టుపక్కల కాపరులు అటువంటి పొట్టేలునే తమ మందలోకి తెచ్చుకోవాలని ఆశిస్తారు. మందలోని పిల్లలన్నింటికీ జన్యువులలో సగభాగం పొట్టేలు నుండే సంక్రమిస్తుంది. 20 గొర్రెలకు ఒక పొట్టేలు చొప్పున ఉంచిన మందలో ఆ ఒక్క ఎంపికలో జరిగిన పొరపాటు ఒకే ఈత కాలంలో మంద అంతటా వ్యాపిస్తుంది.

తప్పు ప్రమాణం ఎంత దూరం తీసుకుపోగలదో మెరినో గొర్రెల చరిత్ర తెలుపుతుంది. 19వ శతాబ్దంలో అమెరికాలోని వెర్మాంట్ పెంపకందారులు ఉన్ని బరువు పెంచే ఉద్దేశంతో, చర్మం మీద ముడతలు అధికంగా ఉన్న పొట్టేళ్ళను ఎంపిక చేశారు. 1880ల నుండి అటువంటి పొట్టేళ్ళు ఆస్ట్రేలియా మందలలోకి ప్రవేశించాయి. ముడతల మధ్య తేమ నిలిచి, ఈగలు గుడ్లు పెట్టి, పురుగు పట్టే బాధ తీవ్రమైంది. ఉన్ని కత్తిరింపు కష్టతరమైంది. చూపుకు ఘనంగా కనిపించిన లక్షణం పెంపకందారునికి భారమైంది.

తెలంగాణలో ఈ అంశానికి ప్రత్యేక ప్రాధాన్యం ఉంది. 2019 నాటి 20వ పశుగణన ప్రకారం రాష్ట్రంలో సుమారు 1.9 కోట్ల గొర్రెలున్నాయి. ఈ సంఖ్యలో తెలంగాణ దేశంలో మొదటి స్థానంలో నిలిచింది. 2017 జూన్‌లో ప్రారంభమైన గొర్రెల పంపిణీ పథకం ద్వారా 75 శాతం రాయితీపై 20 గొర్రెలు, ఒక పొట్టేలు కలిగిన యూనిట్లను కాపరులకు అందజేశారు. వీటిని ప్రధానంగా పొరుగు రాష్ట్రాల నుండి సేకరించారు. సంఖ్య పెరిగిన ఈ దశలో, మందలో ఏ రకపు పొట్టేలు నిలవాలి అనే ప్రశ్న విస్తరణ శాస్త్రవేత్తల ముందుంది.

లామా ప్రదర్శనల వర్గీకరణ

లామా దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వత ప్రాంతానికి చెందిన, ఒంటె కుటుంబపు జంతువు. బరువులు మోయడానికి, ఉన్నికి, మాంసానికి అక్కడి ప్రజలు వేల సంవత్సరాలుగా దానిని పెంచుతున్నారు. మన రైతుల పెంపకంలో ఈ జంతువు లేదు. అయినా దాని ప్రదర్శన నియమాలు అధ్యయనానికి అర్హమైనవి. ఎందుకంటే దక్కనీ గొర్రె వలెనే లామా కూడా ఒకటికి మించిన ప్రయోజనాలు గల జంతువు. ఒకే కొలతతో దాని విలువను నిర్ణయించడం సాధ్యం కాదు.

అమెరికాలో అల్పాకా, లామా ప్రదర్శనల సంఘం లిఖిత నియమావళి ప్రకారం పోటీలు జరుగుతాయి. వాటిలో ప్రధానమైన విభాగాలు ఇవి:

1. తలతాడు విభాగం: జంతువును తలతాడుతో నడిపించి, నిలబెట్టి, శరీర సమతౌల్యం, కాళ్ళ నిర్మాణం, నడక, దవడల అమరిక, ఉన్ని మొదలైన అంశాలను పరిశీలిస్తారు. ఈ విభాగాన్ని ఉన్ని రకం, వయసు, లింగభేదాన్ని బట్టి మరల విభజిస్తారు. పలుచని ఉన్ని గల లామా ఒత్తైన ఉన్ని గల లామాతో పోటీ పడవలసిన అవసరం లేదు.

2. పనితనపు విభాగం: అడ్డంకులను దాటడం, మూపున బరువుతో నడవడం వంటి పరీక్షలు ఉంటాయి. ఇక్కడ అందానికి మార్కులు లేవు.

3. నడిపేవారి విభాగం: ఇందులో జంతువు నాణ్యతను లెక్కించరు. దానిని సిద్ధం చేసి, బరిలో నిదానంగా నడిపించే వ్యక్తి నైపుణ్యాన్నే పరీక్షిస్తారు. సాధారణ జంతువు గల యువకులు కూడా ఇందులో గెలుపొందవచ్చు.

4. సంతాన విభాగం: ఒకే తండ్రికి పుట్టిన మూడు లామాలను, ఒకే తల్లికి పుట్టిన రెండు లామాలను కలిపి చూసి నిర్ణయిస్తారు. జంతువు రూపం ఎట్లున్నా, దాని గుణం పిల్లలకు సంక్రమించిందా అనేదే ఇక్కడి ప్రశ్న.

తలతాడు విభాగంలో న్యాయనిర్ణేత తన నిర్ణయానికి కారణాలను ప్రేక్షకుల ఎదుట నోటితో వివరించే ఆచారం కూడా ఉంది. విస్తరణ దృష్టిలో ఈ ఆచారం విలువ ఎక్కువ. అది పోటీని పాఠంగా మారుస్తుంది.

ప్రాయాన్ని బట్టి వర్గాలు చేయడం తెలుగువారికి కొత్త కాదు. ఒంగోలు జాతి ఎడ్ల బండలాగుడు పోటీలలో పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు అనే విభాగాలు చిరకాలంగా అమలులో ఉన్నాయి. గొర్రెల ప్రదర్శనలో లోపించినది ప్రయోజనాన్ని బట్టి చేసే విభజన.

దక్కనీ గొర్రె: పోటీలో కనిపించని గుణాలు

దక్కన్ పీఠభూమిపై తెలంగాణ, మహారాష్ట్ర, కర్ణాటక ప్రాంతాలలో దక్కనీ గొర్రె విస్తరించి ఉంది. ఎక్కువగా నల్లని రంగు, అక్కడక్కడ తెలుపు లేదా బూడిద వర్ణపు మచ్చలు, కొద్దిగా వంపు తిరిగిన ముక్కు, వ్రేలాడే పొడవైన చెవులు, పొట్టి తోక దీని లక్షణాలు. పొట్టేళ్ళకు కొమ్ములుంటాయి, గొర్రెలు సాధారణంగా బోడివి. ముతక ఉన్ని వలన వానకు, చలికి తట్టుకొంటుంది. ఈ ఉన్నితోనే కురుమలు తరతరాలుగా గొంగడి నేస్తున్నారు. నూలుకు చింతగింజల గంజి పట్టించి గుంటమగ్గంపై నేసిన గొంగడి కాపరికి వానలో కప్పుకొనే వస్త్రం, రాత్రి పడక, ఎండకు నీడ.

నెల్లూరు గొర్రె పొడవైన కాళ్ళతో, ఉన్ని లేని వెంట్రుకల చర్మంతో, దేశంలోని గొర్రె జాతులలో ఎత్తైనదిగా పేరు పొందింది. తెలుపు రంగు పల్లా, తెలుపుపై నల్లమచ్చల జోడిపి, ఎరుపు లేదా గోధుమ వర్ణపు దొర అనే మూడు రకాలు దానిలో ఉన్నాయి. మాంసపు గిరాకీ పెరిగి, ఉన్నికి ధర పడిపోయిన కొద్దీ, దక్కనీ మందలలో నెల్లూరు రకపు పొట్టేళ్ళను దాటించడం విస్తరించింది. ఉన్ని అమ్మితే వచ్చే సొమ్ము కత్తిరింపు కూలికి కూడా చాలని కాపరి ఈ మార్గం తొక్కడాన్ని తప్పుపట్టడానికి వీలులేదు.

అయితే రెండు జాతులనూ ఒకే వరుసలో నిలబెట్టి చూసినప్పుడు చూపు మొదట ఎత్తు మీదనే నిలుస్తుంది. దక్కనీ గొర్రెలోని ఓర్పు, రాతి నేలపై నడక, వాన తడికి తట్టుకొనే ఉన్ని ఆ క్షణంలో కంటికి కనిపించవు. హైదరాబాద్–నాగపూర్ జాతీయ రహదారి పరిసరాలలో గోదాములు, నివాస స్థలాలు విస్తరించి మేత భూములు తరిగిపోతున్న మేడ్చల్ ప్రాంతంలో, మంద మేతకై దూరం నడవవలసి వస్తుంది. అత్వెల్లి వంటి గ్రామపు కాపరికి నడిచే గొర్రె అవసరం. పోటీ ఆ గుణాన్ని కొలవకపోతే, అతని అవసరానికి విరుద్ధమైన సలహాను బహుమతి రూపంలో ఇచ్చినట్లవుతుంది.

ప్రతిపాదిత వర్గాలు

ప్రదర్శనలో కింది నాలుగు వర్గాలను వేరువేరుగా నిర్వహించాలి.

(అ) దక్కనీ వర్గం: ఉన్ని కలిగి, జాతి లక్షణాలు స్పష్టంగా ఉన్న జీవాలకు.

(ఆ) నెల్లూరు వర్గం: పల్లా, జోడిపి, దొర రకాలకు.

(ఇ) మాంసపు పిల్లల వర్గం: జాతితో నిమిత్తం లేకుండా, పాలపళ్ళ పిల్లల పెరుగుదలకు. సంకర మందలు గల కాపరులకు ఈ వర్గం న్యాయమైన వేదిక కల్పిస్తుంది.

(ఈ) కాపరి నైపుణ్య వర్గం: 18 సంవత్సరాల లోపు బాలబాలికలకు, పెద్దలకు వేరుగా. జీవాన్ని పట్టుకొనే తీరు, గిట్టల శుభ్రత, పళ్ళు చూసి వయసు చెప్పడం, టీకాల వివరాలు తెలిసి ఉండడం పరీక్షాంశాలు.

ఏ వర్గంలో పాల్గొనాలో కాపరి ముందుగానే నమోదు చేసుకోవాలి. ఒకే జీవం అ, ఆ వర్గాలు రెండింటిలోనూ పాల్గొనరాదు. చెవి పోగు సంఖ్య ఉంటే దానిని, లేకపోతే రంగు, మచ్చలు, కొమ్ముల వివరాలను నమోదు పత్రంలో రాయాలి.

వయసు, బరువుల నిర్ధారణ

కాపరి చెప్పిన వయసును పళ్ళతో సరిచూడాలి. గొర్రెకు కింది దవడలో మాత్రమే 8 కొరుకుడు పళ్ళుంటాయి. సుమారు ఏడాది వరకు అన్నీ పాలపళ్ళే. 12 నుండి 18 నెలల మధ్య రెండు పళ్ళు, 18 నుండి 24 నెలల మధ్య నాలుగు పళ్ళు, రెండున్నర ఏళ్ళ ప్రాంతంలో ఆరు పళ్ళు, మూడు నుండి నాలుగేళ్ళకు నిండు నోరు ఏర్పడతాయి. మేపును బట్టి ఈ కాలంలో కొంత హెచ్చుతగ్గులుంటాయి. అందువలన పోటీ విభాగాలను నెలలలో కాక పళ్ళ సంఖ్యలో ప్రకటించడం వివాదాలను తగ్గిస్తుంది.

బరువును ఉదయం, మేతకు వదలక ముందే, అన్ని జీవాలకూ ఒకే కాటాపై తీయాలి. కాటా లభించనిచోట ఛాతీ చుట్టుకొలతను, భుజపు మొన నుండి పిరుదు ఎముక వరకు గల పొడవును అంగుళాలలో కొలిచి, చుట్టుకొలత వర్గాన్ని పొడవుతో గుణించి 300తో భాగించాలి. ఫలితం పౌండ్లలో వస్తుంది. ఉదాహరణకు చుట్టుకొలత 30 అంగుళాలు, పొడవు 26 అంగుళాలైతే 900 × 26 ÷ 300 = 78 పౌండ్లు, అనగా సుమారు 35.4 కిలోలు. దక్కనీ గొర్రెలో టేపును ఉన్నిపై వదులుగా వేస్తే బరువు ఎక్కువగా వస్తుంది. ఉన్నిని పాయగా విడదీసి టేపు చర్మానికి తాకేటట్లు కొలవాలి. ఇది అంచనా మాత్రమే కాబట్టి ఒకే వర్గంలో కొన్నింటికి కాటాను, కొన్నింటికి టేపును వాడరాదు.

మార్కుల పట్టిక

దక్కనీ వర్గానికి 100 మార్కులను ఈ విధంగా పంచవచ్చు.

జాతి లక్షణాలు (రంగు, తల, చెవులు, తోక): 20
శరీర నిర్మాణం, కాళ్ళు, గిట్టలు, నడక: 25
పళ్ళ వయసుకు తగిన బరువు: 20
ఉన్ని (పొడవు, ఒత్తుదనం, సమానత): 15
పొట్టేలులో వృషణాలు, సంతానోత్పత్తి సామర్థ్యం. గొర్రెలో పొదుగు, తల్లి గుణం: 20

నడకను పరిశీలించడానికి జీవాలను ఉదయపు చల్లదనంలో అర కిలోమీటరు దూరం గట్టి నేలపై నడిపించాలి. మార్గంలో రాళ్ళున్న కొంత భాగం, ఒక చిన్న నీటి కాలువ ఉండేటట్లు చూడాలి. లామాల అడ్డంకుల పరీక్షకు ఇది మన నేలకు తగిన రూపం. కుంటడం, గిట్టల మధ్య పుండు, మడమలు వాలిపోవడం వంటి లోపాలు నిలబెట్టి చూసినప్పటికంటే నడకలో స్పష్టంగా బయటపడతాయి.

ఉన్నిని భుజం, పక్క, తొడ అనే మూడు చోట్ల విడదీసి చూడాలి. పక్కభాగంలో పొడవును స్కేలుతో కొలవాలి. చివరిసారి కత్తిరించిన తేదీని నమోదు చేయకపోతే ఈ కొలతకు అర్థం ఉండదు. రెండు నెలల క్రితం కత్తిరించిన జీవాన్ని ఆరు నెలలుగా పెరిగిన ఉన్నితో పోల్చరాదు.

పై, కింది దవడలు కలవకపోవడం, ఒక వృషణం కిందికి దిగకపోవడం వంశపారంపర్యంగా సంక్రమించే అవకాశం గల లోపాలు. ఇవి ఉన్న పొట్టేలుకు మార్కులు తగ్గించడం చాలదు. దానిని పోటీ నుండి తొలగించాలి.

పట్టిక పనిచేసే తీరును ఒక ఊహాత్మక ఉదాహరణతో గ్రహించవచ్చు. నాలుగు పళ్ళ పొట్టేళ్ళు రెండు దక్కనీ వర్గంలో నమోదైనవనుకొందాం. మొదటిది 44 కిలోల బరువు, ఎత్తైనది, ఉన్ని దాదాపు లేనిది. రెండవది 37 కిలోల బరువు, జాతి లక్షణాలు చక్కగా ఉన్నది. పట్టిక వరుసలో మొదటిదానికి 6, 18, 20, 2, 15 చొప్పున 61 మార్కులు రాగా, రెండవదానికి 17, 21, 15, 12, 16 చొప్పున 81 మార్కులు వస్తాయి. బరువొక్కటే కొలమానమైతే మొదటిదే గెలుస్తుంది. పట్టిక మొదటిదానిని చెడ్డ పొట్టేలని చెప్పడం లేదు. దక్కనీ మందకు అది విత్తనపు పొట్టేలుగా తగదని చెబుతున్నది.

న్యాయనిర్ణేతలు

ప్రతి వర్గానికి ఇద్దరు న్యాయనిర్ణేతలుండాలి: ఒకరు పశువైద్య శాస్త్రవేత్త, మరొకరు పొరుగు మండలానికి చెందిన అనుభవజ్ఞుడైన కాపరి. తమ జీవాలు గాని, బంధువుల జీవాలు గాని పాల్గొనే వర్గానికి వారు తీర్పు చెప్పరాదు. ఇద్దరూ విడివిడిగా మార్కులు వేసిన తరువాతనే వాటిని కలిపి సగటు తీయాలి. మార్కులు సమానమైతే కాళ్ళు, నడక అంశంలో అధిక మార్కులు పొందిన జీవానికి ముందు స్థానం ఇవ్వాలి.

మొదటి మూడు స్థానాలకు కారణాలను బరిలోనే, కాపరుల వాడుక భాషలో వివరించాలి. "ఇది బాగున్నది" అనే మాటతో సరిపెట్టక, "దీని వెనుక కాళ్ళు నిటారుగా ఉన్నాయి, రెండవదాని మడమలు దగ్గరకు వస్తున్నాయి, దూరం నడిస్తే అలసిపోతుంది" అని చూపి చెప్పాలి. ఓడిన కాపరి తన జీవంలోని లోపాన్ని తెలుసుకొని ఇంటికి వెళ్ళినప్పుడే ప్రదర్శన విస్తరణ కార్యక్రమం అవుతుంది.

ఉన్నికి రంగు వేయడం, కొమ్ములను అరగదీయడం, కాటాకు ముందు ఉప్పు తినిపించి అధికంగా నీరు తాగించడం, మందులతో ఉత్సాహపరచడం నిషేధాలుగా ముందే ప్రకటించాలి. అభ్యంతరాలను ఫలితం వెలువడిన గంటలోపు లిఖితపూర్వకంగా స్వీకరించాలి. రాయలేనివారి ఫిర్యాదును నిర్వాహకులే రాసుకోవాలి.

ఆరోగ్యం, సంక్షేమం

పలు గ్రామాల మందలు ఒకచోట చేరడం వ్యాధి వ్యాప్తికి అనువైన పరిస్థితి. పి.పి.ఆర్., గొర్రె బొబ్బ వ్యాధి, గాలికుంటు వ్యాధి ముఖ్యంగా గమనించదగినవి. 2030 నాటికి పి.పి.ఆర్.ను ప్రపంచం నుండి నిర్మూలించాలని అంతర్జాతీయ సంస్థలు లక్ష్యంగా పెట్టుకొన్న ఈ సమయంలో ప్రదర్శన స్థలం వ్యాధి కేంద్రం కారాదు. టీకా వేసి కనీసం 21 రోజులు గడిచిన జీవాలనే అనుమతించాలి. ద్వారం వద్దనే జ్వరం, ముక్కు కారడం, నోటి పుండ్లు, విరేచనాలు పరీక్షించి, అనుమానం ఉన్న జీవాన్ని దొడ్డిలోకి రానివ్వకుండా తిప్పి పంపాలి. ప్రదర్శన నుండి తిరిగి వచ్చిన జీవాలను 21 రోజులు మందలో కలపకుండా వేరుగా ఉంచమని కాపరులకు చెప్పాలి. అంతర్జాతీయ ప్రమాణాలలో పి.పి.ఆర్.కు లెక్కించే పొదుగుదల కాలం కూడా ఇదే.

వానాకాలం, దాని తరువాతి నెలలు నీలి నాలుక వ్యాధికి అనుకూలం కాబట్టి ప్రదర్శనను సంక్రాంతి తరువాత పెట్టుకోవడం మేలు. అది కొమురవెల్లి మల్లన్న జాతర కాలం కూడా కావడం వలన జాతరకు వెళ్ళే ఆదివారాలను తప్పించి తేదీని నిర్ణయించాలి. నెలలు నిండిన చూడి గొర్రెలను, పాలు మరువని పిల్లలను తల్లి లేకుండా అనుమతించరాదు. నీడ, తాగునీరు, పొట్టేళ్ళకు వేరు దొడ్లు తప్పనిసరి. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం, 1978 నాటి జంతు రవాణా నియమాలు ప్రదర్శనకు తెచ్చే జీవాలకు కూడా వర్తిస్తాయి. పొట్టేళ్ళ పందేలను ఏ రూపంలోనూ కార్యక్రమంలో చేర్చరాదు.

బహుమతి విధానం

ప్రదర్శనలతో ఒక విపరీత ఫలితం పొంచి ఉంటుంది. బహుమతి పొందిన పొట్టేలుకు ధర పెరుగుతుంది. ధర పెరిగినందున అది పండుగ సంతలో మాంసానికి అమ్ముడుపోవచ్చు. అప్పుడు పోటీ ఉత్తమ విత్తనాన్ని గుర్తించి మరీ మంద నుండి తొలగించినట్లవుతుంది.

దీనికి విరుగుడుగా విత్తనపు పొట్టేళ్ళ బహుమతిని రెండు వాయిదాలలో ఇవ్వాలి. సగభాగం ప్రదర్శన రోజున, మిగిలిన సగం ఏడాది తరువాత, పొట్టేలు మందలోనే ఉన్నదని నిర్ధారించుకొని చెల్లించాలి. గొర్రె చూడికాలం సుమారు 150 రోజులు కాబట్టి ఏడాది లోపల దాని పిల్లలు కళ్ళ ముందు ఉంటాయి. లామాల సంతాన విభాగం వలె, ఆ పొట్టేలుకు వేరువేరు తల్లులకు పుట్టిన మూడు పిల్లలను రెండవ ఏటి ప్రదర్శనకు తెచ్చి పోల్చవచ్చు. తరువాత పొట్టేలును వేరొక గ్రామపు మందతో మార్పిడి చేసుకొంటే కూతుళ్ళతో జతకట్టి అంతఃప్రజననం ఏర్పడే ప్రమాదం తప్పుతుంది.

దక్కనీ వర్గంలో నగదుతో పాటు, ఆ ప్రాంతపు ఉన్నితో నేసిన గొంగడిని బహూకరించడం సముచితం. నేతగాళ్ళ నుండి దానిని కొనుగోలు చేయడం వలన ఉన్నికి కొంతైనా గిరాకీ ఏర్పడుతుంది.

ముగింపు

నియమావళి ఒక్కటే దక్కనీ గొర్రెను నిలబెట్టలేదు. ఉన్నికి ధర, మేతకు భూమి, సకాలంలో టీకా లేనిచోట బహుమతి ప్రభావం పరిమితం. అయినప్పటికీ తప్పు నియమం చేయగల హానిని నివారించడం నిర్వాహకుల చేతిలోనే ఉంది. మొదటి ఏడాది దక్కనీ వర్గం, మాంసపు పిల్లల వర్గం, కాపరి నైపుణ్య వర్గం అనే మూడింటితో చిన్న స్థాయిలో ప్రారంభించి, మార్కుల పత్రాలను భద్రపరచి, రెండవ ఏట అవే మందల పిల్లలను పరిశీలించడం ఆచరణయోగ్యం. విద్యార్థులు ఈ పత్రాలను పళ్ళ వయసు, బరువు, ఉన్ని పొడవుల వారీగా క్రోడీకరిస్తే, ఆ ప్రాంతపు దక్కనీ మందల స్థితిపై క్షేత్రస్థాయి సమాచారం ఏటేటా సమకూరుతుంది. మార్కుల పంపిణీని సవరించవలసి వచ్చినప్పుడు ఆ సమాచారమే ఆధారం కావాలి.